ఇంజను గలవారి సముద్రం

సముద్రం అందరిదీ అని లోకంలో ఒక నమ్మకం ఉంది. నమ్మకం ఎంత పాతదైతే దాన్ని అంత గట్టిగా అనుమానించాలన్నది నా పద్ధతి. నేను రిటైరైంది ఉద్యోగం నుంచే, అనుమానం నుంచి కాదు.

కనుక ముందే చెబుతున్నాను: మా ఊరి తీరంలో ఇసుక మీద కార్లు నడపనివ్వడం మానవజాతికి జరిగిన మహోపకారం! నవ్వకండి. వాదన వినండి.

ఇదివరకు బీచ్‌కి వెళ్ళినవాడు ఏం చేసేవాడు? ఊరికే కూర్చునేవాడు. నీలంగా కనిపించిన దానివంక చూసి చూసి, దానికేదో అర్థం ఉందనుకుని, లేనిపోని తాత్త్వికుడై ఇల్లు చేరేవాడు. ఇప్పుడా ప్రమాదం లేదు. వీపు వెనక హారన్ మోగుతుంటే తత్త్వం ఎవరికి తోస్తుంది? నడిచేవాళ్ళ చెక్కబాట అంచున కూర్చుని ఇసుక గూళ్ళు కట్టే పిల్లలు అటూ ఇటూ చూసుకుని మరీ పిడికెడు ఇసుక తీస్తున్నారు. ఇంత ఏకాగ్రత ఏ బడి నేర్పింది? పీతలు సైతం ఆగి, చూసి, దాటుతున్నాయి! అలా దాటనివీ ఉన్నాయి. అవి చదునుగా ఉన్నాయి.

క్రమశిక్షణకు లొంగనివి కెరటాలొక్కటే. ఇండికేటర్ వేయవు, ఎదురుగా వస్తాయి, వచ్చిన దారినే రివర్స్‌లో పోతాయి. వాటికి ఇంతవరకూ ఫైన్ వేయకపోవడం పాలనాలోపమే.

ఇక గేటు దగ్గరి బోర్డు. నడిచేవారు చెక్కబాట దాటరాదు. చెక్కబాటపైకి చక్రాలు గలవేవీ రారాదు. ఇసుకపైకి ఇంజను గల వాహనాలకే ప్రవేశం. స్పష్టత అంటే ఇదీ! చెక్కబాట నీటికి చాలా ముందే ఆగిపోతుంది. మనిషి సముద్రాన్ని దూరం నుంచి చూస్తాడు, కారు దగ్గర నుంచి చూస్తుంది. ఉప్పుగాలికి తుప్పు పట్టేది కారుకే గనుక ఆ హక్కూ దానిదే కాబోలు.

ఈ నిబంధనలను పరీక్షించే అవకాశం మా అక్క కల్పించింది. అక్క ఉద్యోగమంతా బడిపిల్లలకు ఈత నేర్పడంలోనే గడిచింది. తుంటి విరిగి చక్రాల కుర్చీ ఎక్కాక ఒకే ఒక్కటి అడిగింది: సముద్రంలో కాసేపు పాదాలు పెట్టాలి. దానివల్ల ప్రయోజనమేమిటన్నాను.

"చల్లగా ఉంటుందిరా, మేధావీ! దానికీ రుజువులు కావాలా నీకు?" అంది.

రుజువుకే బయలుదేరాం. గేటు దగ్గర కాపలాదారు ఈల ఊది ఆపాడు.

"కుర్చీకి చక్రాలున్నాయి సార్. చెక్కబాట మీదికి కుదరదు."

"అయితే ఇసుక మీదికి పోనివ్వండి."

"ఎలా పోనిస్తాం? ఇంజను లేదుగా!"

ఏ వస్తువైనా వాహనమన్నా కావాలి, కాకుండానన్నా పోవాలి, మూడో స్థితి లేదని తర్కశాస్త్రం ఘోషిస్తుంది. ఆ లేని మూడో స్థితిలో మా అక్క ఎండలో కూర్చుని ఉంది.

మా వెంట వచ్చిన ఆమె కొడుకుకి ఉపాయం తట్టింది. "అమ్మని మన జీపులో కూర్చోబెడదాం మావయ్యా. దానికి చక్రాలున్నాయి, ఇంజనుంది. ఇంకేం కావాలట వీళ్ళకి?"

ఇంకేమీ అక్కర్లేకపోయింది. కాపలాదారు గేటు బార్లా తీసి సెల్యూట్ కొట్టాడు, జీపుకి.

నీటి అంచున ఆగాం. అక్క అప్పటికే చెప్పులు విడిచేసింది. ముఖంలో ఈత టీచరు తిరిగి కనిపించింది.

"తలుపు తియ్యరా, నువ్వటు పట్టుకో, మీ మావయ్య ఇటు పట్టుకుంటాడు. జారవిడిచారో, ఇద్దర్నీ ముంచేస్తాను!"

తలుపు సగం తెరుచుకుందో లేదో, ఈల మోగింది. కాపలాదారు రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

"దిగకూడదమ్మా! దిగితే మీరు నడిచేవాళ్ళ కిందికొస్తారు. ఇది బండ్ల జాగా."

"నడవగలిగితే ఈ బండితో నాకేం పనయ్యా?"

అతను తల గోక్కున్నాడు. "అదీ నిజమేననుకోండి... కానీ రూలు..."

వెనక ఆగిన కార్లు హారన్లు అందుకున్నాయి. మేనల్లుడు తలుపు వేసి జీపు వెనక్కి తిప్పాడు.

పరీక్షా ఫలితం: జీపు చక్రాలు నాలుగూ తడిశాయి. అక్క పాదాలు తడవలేదు.