తోకల మీది గీతలు

ఎలుకల తోకల మీది గీతలు పోయాయని తెలిసింది సోమవారం నాడు. పొద్దున్నే ఇరవై నాలుగు ఎలుకల్నీ తూచి, మధ్యాహ్నం తనిఖీ సంఘానికి చూపించి, మర్నాడు ఊపిరితిత్తుల పరీక్ష మొదలుపెట్టాలన్నది పరిశోధకురాలి ఆలోచన. కేన్సర్‌కు మందుగా కొత్తగా తయారైన ప్రొటీను ఊపిరితిత్తులకు హాని చేస్తుందో లేదో తేల్చడానికి, ఆమె మూడు నెలలుగా పన్నెండు ఎలుకలకు ఆ మందు, పోలిక కోసం తక్కిన పన్నెండింటికి ఉప్పునీళ్ళు ఎక్కిస్తోంది. ఏది ఏదో తెలిసేలా తోకల మీద సిరాతో గీతలు గీసింది.

పంజరం తెరిచి చూస్తే ఎలుకలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.

"బాబాయ్, ఈ గీతలేవి?"

"రుద్దేశానమ్మా. స్పిరిట్ పెట్టి. తోకకి పావుగంట పట్టిందనుకో," అన్నాడు అటెండరు.

అతను వారం కిందటే గ్రంథాలయం నుంచి బదిలీ మీద వచ్చాడు. పుస్తకాల్లో ఎవరు పిచ్చిగీతలు గీసినా చెరపడం అక్కడ ముప్పై ఏళ్ళ అలవాటు.

"నోరులేని జీవాల్ని కూడా వదల్లేదురా వెధవలు, అనుకున్నా."

ఆమె గోడకు ఆనుకుంది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక కావాలి.

"పోనీ, ఏ పంజరంలోవి ఆ పంజరంలోనే ఉన్నాయా?"

"పంజరాలూ కడిగా కదా! అన్నిటినీ పెద్ద తొట్టిలో వేసి, పంజరాలు ఆరాక నాలుగేసి సర్దేశా."

"శుక్రవారం నాటి బరువులున్నాయిలే. తూచి పోల్చుకుందాం."

అటెండరు నేలచూపులు చూశాడు. "బక్కవాటికి రెండ్రోజులు మేత ఎక్కువ పెట్టానమ్మా. మా అక్క కేన్సర్ వార్డులో ఉందిగా. రోజూ అడుగుతుంది, 'ఒరేయ్, మీ మందు ఎప్పుడొస్తుందిరా' అని. తనిఖీవాళ్ళు మెచ్చుకుంటే త్వరగా వస్తుందేమోనని..."

ఆమె ప్రయోగశాల పెద్దసారు గదికి వెళ్ళింది.

"ఓస్, ఇంతేనా!" అన్నాడు పెద్దసారు. "ఊపిరితిత్తులు కోసి చూడు. చెడిపోయినవి మందు ఎక్కించినవి. బాగున్నవి ఉప్పునీళ్ళవి."

"మందు వల్ల చెడతాయా లేదా అనేగా సార్ మనం తేల్చాల్సింది?"

ఆయన లేచి తలుపు వేశాడు. "అయితే ఎవరూ నోరు మెదపకండి."

మధ్యాహ్నం తనిఖీ సంఘం వచ్చింది. అధ్యక్షురాలు పంజరాల్లోకి వంగి చూసి మురిసిపోయింది. "తోకలు కూడా ఎంత శుభ్రంగా ఉన్నాయో!"

ముప్పై ఏళ్ళలో అటెండరును మెచ్చుకున్నవాళ్ళు లేరు. "నేనే మేడమ్, స్పిరిట్ పెట్టి రుద్దా!" అన్నాడు. పెద్దసారు దగ్గాడు. ఆ దగ్గు ఎందుకో అర్థమయ్యేలోపు అటెండరు తొట్టి సంగతీ, మేత సంగతీ కూడా చెప్పేశాడు.

సాయంత్రానికి రెండు కాగితాలు వచ్చాయి. శుభ్రతకు గాను అటెండరుకు ప్రశంసాపత్రం ఒకటి. ప్రయోగం చెల్లదని, కొత్త ఎలుకలతో మొదటినుంచీ చెయ్యాలని రెండోది.

అటెండరు రెండూ చదివాడు. "అంటే, ఇంకో మూడు నెలలా అమ్మా?"

"తక్కువలో తక్కువ, బాబాయ్."

అతను తన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అక్కకి మీరు చెప్తారా?"

ఆమె తల ఊపింది గానీ, ఔననో కాదనో తనకే తెలియలేదు.

కొత్త ఎలుకలు బుధవారం వచ్చాయి. అక్కకు మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.