చెంబుతోనా, మగ్గుతోనా?

దర్జీ ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడతాడు. ఆయన భార్య సిటీ బస్సు నడుపుతుంది. కాబట్టి ఆరేళ్ల కూతురి పెంపకం ఆయన నెత్తిన పడింది. ఆ పిల్ల ముద్దుపేరు ప్లీడరమ్మ. స్నానం చెయ్యమంటే, ఎందుకు చెయ్యాలో తేలందే కదలదు.

ఓ సాయంత్రం భార్య డ్యూటీ దిగి వచ్చేసరికి ప్లీడరమ్మ స్నానం లేకుండా, ఎవరిదో కొత్త జాకెట్టు తొడుక్కుని గెంతుతోంది.

"ఇంకోసారి ఇలా కనిపిస్తే మా అమ్మను పిలిపిస్తానండీ," అంది భార్య.

దర్జీ గుండెల్లో రాయి పడింది. కిందటిసారి అత్తగారు వచ్చినప్పుడు పిల్లతోపాటు ఆయన్నీ ఎనిమిదింటికే పడుకోబెట్టింది.

ఆలోచించగా తన వృత్తిలోని కిటుకే గుర్తొచ్చింది. వచ్చినవాళ్లను కుట్టించుకుంటారా అని ఆయన ఎన్నడూ అడగడు. పొడుగు చేతులా, పొట్టి చేతులా అంటాడు. వాళ్లు తేల్చుకునేలోగా టేపు పట్టి కొలిచేస్తాడు.

మర్నాడు కూతుర్ని, నీళ్లు చెంబుతో పోసుకుంటావా, మగ్గుతోనా అని అడిగాడు. ప్లీడరమ్మ కాస్త తికమకపడి, చెంబుతో అని బుద్ధిగా వెళ్లింది. దర్జీ కాలరెగరేశాడు. పిల్లల్ని పెంచడమూ కుట్టుపనే అని భార్య దగ్గర గొప్పలు పోయాడు.

వారం తిరక్కుండానే ప్లీడరమ్మ ఆయన మిషను పక్కన నిలబడి, గుర్రం ఆట హాల్లో ఆడదామా, వరండాలోనా అంది. హాల్లో, అన్నాడు దర్జీ. జుట్టుకు ఎర్ర రిబ్బను కట్టనా, పచ్చదా అంది. పచ్చది, అన్నాడు. ప్యాంటు కోసం వచ్చిన బ్యాంకు మేనేజరు, పచ్చ రిబ్బనుతో మోకాళ్ల మీద పాకుతున్న దర్జీని చూసి గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు.

భార్య వచ్చేసరికి పిల్లకు స్నానం లేదు, ఇంట్లో వంట లేదు.

"ఏం జరిగిందండీ?"

"నాకేం అర్థం కావట్లేదే. అన్నిటికీ సరేనన్నది నేనే. కానీ ఏ ఒక్కటీ నేను అనుకున్నది కాదు," అన్నాడు దర్జీ అయోమయంగా.

భార్య నవ్వాపుకుంటూ ఫోను తీసి వాళ్లమ్మతో ఏదో గుసగుసలాడింది. తర్వాత మామూలుగా అడిగింది. "మా అమ్మ శనివారం రావాలా, ఆదివారమా?"

శనివారం బట్టలివ్వాల్సిన పని ఉంది. "ఆదివారం," అన్నాడు దర్జీ చటుక్కున.

భార్య ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది.

"అల్లుడుగారూ, ఏడింటికి పడుకుంటారా, ఎనిమిదింటికా?"

దర్జీ చాలాసేపు ఆలోచించాడు.

"ఎనిమిదింటికండీ," అన్నాడు.