పోటీకి కావలసిన అర్హత

"పోటీ లేనిదే మనిషి ఎదగడు!" అని సూరత్‌లోని మా నవాగామ్ తెలుగు సంఘం అధ్యక్షులు ఆదిశేషయ్యగారు మైకులో ప్రకటించారు. సంఘం పుట్టినప్పటి నుంచీ ఆయనే అధ్యక్షులు, పైగా అధికార పార్టీ వార్డు కన్వీనరు. అలాంటి మనిషి నోట అబద్ధం రాదు కదా. కార్యదర్శిగా ముందు వరుసలో కూర్చున్న నేను గట్టిగా చప్పట్లు కొట్టాను.

అన్నంత పనీ చేశారు. వ్యక్తిత్వ వికాస వారోత్సవాలు పెట్టారు. ముగ్గులు, కుర్చీలాట, ఉపన్యాసం, అన్నిట్లో పోటీలే. బహుమతిగా ఇచ్చే స్టీలు డబ్బాల మీద ఆయన ఫొటో.

ఉపన్యాసంలో మధులత గెలిచింది. ఇంట్లో చీరలకు తళుకు రాళ్లు అంటించే పని చేస్తూ, సాయంత్రాలు సంఘం మెట్ల మీద పిల్లలకు చదువు చెబుతుంది. లోపల హాలు నిండా ఆదిశేషయ్యగారి మిల్లు చీరల మూటలు.

"నీలో నాయకత్వం ఉందమ్మా! పోటీకి భయపడొద్దు" అని డబ్బా అందించారు.

ఆమె భయపడలేదు. మర్నాడే సంఘం ఎన్నికల్లో అధ్యక్ష పదవికి నామినేషన్ వేసింది.

ఆదిశేషయ్యగారు నన్ను పిలిపించారు. "గిదేందయ్యా! పోటీ జెయ్యమంటే నా మీదనా?"

"ఆ పదవిలో ఉన్నది మీరే కదండీ."

"గదే అంటున్న. నేనుండంగ పోటీ ఎందుకు?"

ఇద్దరం మధులత ఇంటికి వెళ్లాం.

"జర ఆలోచించు బిడ్డా. మహిళా విభాగం నీకిస్త, నామినేషన్ వాపస్ తీస్కో."

"వానొస్తే పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకొని ఇండ్లకు ఉరుకుతున్నరు కాకా. నాకు ఆ హాలు గావాలె. పోటీతోనే ఎదుగుతరని మీరే చెప్తిరి. నేను ఎదగొద్దా?"

"ఎదుగు బిడ్డా, ఎవరొద్దన్నరు? జర పక్కకు ఎదుగు!"

ఆమె వాపస్ తీసుకోలేదు.

ఆదివారం అత్యవసర సర్వసభ్య సమావేశం జరిగింది. హాల్లో చోటు లేదు కనుక ఆరుబయటే. ఆదిశేషయ్యగారు కొత్త నిబంధన చదివారు: "పోటీ ప్రమాణాలు పెంచుటకుగాను, అధ్యక్ష పదవికి నిలబడు అభ్యర్థికి అధ్యక్షుడిగా పదేళ్ల అనుభవం తప్పనిసరి. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

మేం పనిచేసే మగ్గాలు ఆయనవి, ఉండే గదులు ఆయనవి. చేతులు మాత్రం మావి. అన్నీ లేచాయి. నాది కాస్త ముందే లేచింది.

మధులత లేచి నిలబడింది. "మొదటిసారి నిలబడ్డప్పుడు మీకేం అనుభవం ఉండె కాకా?"

ఆదిశేషయ్యగారు ఆ అమాయకురాలి వైపు జాలిగా చూశారు.

"అప్పుడు పోటీ యాడుండె బిడ్డా? ఉంటే నేను నిలబడుదునా?"