సముద్రపు వాసన రద్దు

పెట్టుబడిదారుల సదస్సులోగా సముద్రానికి వాసన లేకుండా చేస్తానని మంత్రిగారు ప్రకటించారు. అంతకు ముందు ఏ మంత్రికీ సముద్రాన్ని వాసన చూసే తీరిక దొరకలేదు. జనం ముక్కులు మూసుకున్న చేతులు తీసి మరీ చప్పట్లు కొట్టారు.

మర్నాడు తీరంలోని ల్యాబ్ మేడంకి పిలుపొచ్చింది. ఒక గది, ఒక ఫ్రిజ్, వాయువులు కొలిచే ఒక పాత యంత్రం, ఇదీ ఆవిడ ల్యాబ్. దాన్ని కన్నబిడ్డలా చూసుకునేది.

"ఈ కంపు ఎవరి పనమ్మా?" అన్నారు మంత్రిగారు.

"ప్లవకాలదండీ. నీళ్ళలో తేలే, కంటికి కనబడని జీవులు. వాటి వల్లే గంధకం వాయువు పుడుతుంది. అది పైకెళ్ళి మబ్బు పట్టడానికి కూడా సాయపడుతుంది."

"కనబడకుండానే అంత పని చేస్తున్నాయా? మా శాఖలో కనబడేవాళ్ళే చెయ్యరు." మంత్రిగారు కార్యదర్శి వైపు తిరిగారు. "వాటికి నోటీసివ్వండి. సదస్సు నాటికి వాసన ఆగకపోతే ఈ ల్యాబ్ మూసేద్దాం."

ఆవిడ గుండె జారిపోయింది. కార్యదర్శిగారికి మాత్రం చట్టం కొట్టినపిండి. లాంచీలో నడిసముద్రానికి వెళ్ళి, మైకులో నోటీసు చదివి వినిపించారు. అభ్యంతరం చెప్పినవారెవరూ లేరని ఫైల్లో రాసుకుని, వాంతులు చేసుకుంటూ తిరిగొచ్చారు.

సదస్సు రోజున సముద్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంది. ల్యాబ్ తాళంచెవి ఎవరికి అప్పజెప్పాలో తెలియక మేడం గుప్పిట్లో పెట్టుకుని సదస్సు హాల్లో ఓ మూల నిలబడింది. పెట్టుబడిదారుల్లో పెద్దాయన కిటికీ తీసి గుండెల నిండా గాలి పీల్చాడు.

"ఏం వాసనండీ. దీన్ని సీసాల్లో పెడితే మా నగరంలో ఎగబడి కొంటారు."

మంత్రిగారు రెప్ప వెయ్యలేదు. "అందుకేగదండీ, ఇన్నాళ్ళూ ఎవర్నీ దీని జోలికి రానివ్వలేదు" అన్నారు. తర్వాత మేడంతో, "ప్లవకాలకి చెప్పమ్మా, ఉత్పత్తి పెంచాలి. ఎంత వాసనొస్తే నీ ల్యాబ్ అంత పెద్దదవుతుంది."

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రానికి కార్యదర్శిగారు సిద్ధం చేయించిన తొలి సీసా వెండి పళ్ళెంలో వేదికెక్కింది. మంత్రిగారు కెమెరాల ముందు కళ్ళు మూసుకుని వాసన చూసి, మన సముద్రమే అన్నారు. పెద్దాయన కూడా వాసన చూసి తలూపాడు. కార్యదర్శిగారికి కళ్ళు చెమర్చాయి. చేతులు మారి మారి సీసా చివరికి ల్యాబ్ మేడం దగ్గరికొచ్చింది. మూత మీద సీలు అలాగే ఉంది.

"చెప్పమ్మా" అన్నారు మంత్రిగారు. "శాస్త్రం ప్రకారం ఎలా ఉంది?"

ఆవిడ సీసాని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది.

"కాస్త ఘాటెక్కువైందండీ" అంది.