జీతం మాట పక్కన పెడితే

ఆ ఉదయం గుమాస్తా పెట్టుకున్న పనులు చాలా తక్కువ. కాఫీ తాగడం, స్నానం చేయడం, వేళకు బీమా ఆఫీసుకు చేరి తన కుర్చీలో కూర్చోవడం. కానీ కాఫీ గ్లాసుతో వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఎదురుగా కొత్త భవనం లేస్తోంది. దాని పక్కన పసుపుపచ్చ క్రేను, తల వెనక్కి వాల్చి చూస్తే తప్ప చివర కనిపించనంత ఎత్తు. అది లారీడు ఇనుపకడ్డీలను నేలమీంచి లేపి, నిద్రపోతున్న పసిపిల్లను మంచం మార్చినంత మెల్లగా పై అంతస్తులో దించింది. గుమాస్తా నోరు వెళ్లబెట్టాడు. స్టవ్ తుడుస్తున్న భార్య కూడా అటే చూస్తోంది.

"ఏమండీ, జీతం బెంగే లేదనుకోండి. అప్పుడు ఏం పని చేస్తారు?"

"ఇంకేముంది, ఆ క్రేను నడుపుతాను."

ఆమె ఇంకా ఏదో వినాలన్నట్టు అతని మొహంలోకి చూస్తూ ఆగింది. అతను తువ్వాలు ఎక్కడుందని అడిగాడు.

ఇక్కడ అతని అత్తవారి గురించి చెప్పుకోవాలి. వాళ్లు మాట కింద పడనివ్వరు. ఎవరి నోటివెంట కోరిక వచ్చినా పొద్దుగూకేలోగా తీర్చేస్తారు. కిందటేడు అల్లుడు "తలుపు కిర్రుమంటోంది" అన్న పాపానికి, చుట్టూ గోడ పగలగొట్టించి మరీ కొత్త తలుపు బిగించారు. భార్య క్రేను సంగతి తల్లికి ఫోనులో నవ్వుతూ చెప్పింది. తల్లి నవ్వలేదు.

అతను ఆఫీసులో కూర్చున్న కాసేపటికే మేనేజరు పిలిచాడు. కళ్లద్దాలు తీసి కళ్లు ఒత్తుకుంటున్నాడు.

"మీ మామగారు వచ్చి వెళ్లారండీ. ఇన్నేళ్లు మనసు చంపుకుని మా దగ్గర పడి ఉన్నారట కదా! ఒక్కమాట చెప్పాల్సింది."

"అయ్యో సార్, అది మాటవరసకి అన్నదండీ!"

"మొహమాటపడకండి. మీ సీటు పక్క బ్రాంచి ఆవిడకి ఇచ్చేశాను. మీరు హాయిగా వెళ్లండి."

ఇల్లు గడిచేది ఆ ఉద్యోగంతోనే. బయటికొచ్చి అసలు సంగతి చెప్పేద్దామనుకున్నాడు. కానీ అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. "మీ గుండెధైర్యం మాకు లేదు గురువుగారూ" అని క్యాషియరు చేతులు పట్టుకుంది. ఇన్నేళ్లలో అతని వైపు అలా కళ్లు విప్పార్చి చూసినవాళ్లు లేరు. గుమాస్తా అందరికీ దణ్ణం పెట్టి బయటికి నడిచాడు.

గేటు దగ్గర బావమరిది స్కూటరుతో సిద్ధంగా ఉన్నాడు.

"ఎక్కండి బావగారూ! కాంట్రాక్టరుతో మాట్లాడేశాను. ట్రైనింగుకి ఒక్క చోటే ఉందట. ఒకసారి పైకెక్కి చూపిస్తే మీదే."

"పైకా?"

"మరి క్రేను నడిపేది ఎక్కడ కూర్చుని అనుకున్నారు?"

బీమా క్లెయిముల్లో నిచ్చెనల మీంచి ఎవరెవరు ఎలా పడ్డారో రోజంతా చదవడమే గుమాస్తా ఉద్యోగం. అయినా కింద అత్తగారు స్వెట్టరు పట్టుకుని నిలబడ్డారు, ఆఫీసు వాళ్లంతా వెంట వచ్చారు. హెల్మెట్ పెట్టుకుని, దేవుణ్ణి తలుచుకుని ఎక్కాడు. మొదటి మజిలీ దాకా కళ్లు మూసుకునే ఎక్కాడు. రెండో మజిలీలో కిందకి చూశాడు. అంతే, నిచ్చెనను కావలించుకుని కూర్చుండిపోయాడు.

"పైకి రండి సార్!" అని క్యాబిన్‌లోంచి ఆపరేటరు.

"రాలేను!"

"పోనీ దిగండి!" అని కాంట్రాక్టరు.

"దిగలేను!"

క్రేను ఆగింది. పని ఆగింది. లారీలు వీధి చివరిదాకా నిలిచిపోయి హారన్లు మోగిస్తున్నాయి. వంటింట్లోంచి అంతా చూసిన భార్య పరుగున వచ్చింది. ఎవరి బూట్లో అడిగి తొడుక్కుని, హెల్మెట్ బిగించి, సొంత ఇంటి మేడ ఎక్కినట్టు ఎక్కేసింది.

"నా ఉద్యోగం పోయిందే" అన్నాడు గుమాస్తా ఏడుపు గొంతుతో.

"నాన్న తీశారుగా, నాన్నే ఇప్పిస్తారు. ఈ కమ్మీ గట్టిగా పట్టుకోండి. ఇంతదూరం వచ్చాను కదా, ఒక్కసారి పైకెళ్లొస్తాను."

క్యాబిన్ చేరాక ఆమె అద్దంలోంచి కిందికి చూసింది. ఊరంతా కాళ్ల కింద పరుచుకుని ఉంది. మోతలేవీ పైకి అందడం లేదు. గాలి ఒక్కటే వినిపిస్తోంది. ఆపరేటరు లివరు మీద చేయి ఆనించనిచ్చాడు. అంత ఇనుమూ ఆమె అరచేతి కింద సన్నగా కంపించింది. ఆమె కళ్లు నిండిపోయాయి.

గుమాస్తా తల ఎత్తి ఆ మొహం చూశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడని మొహం. తన భయం సంగతే మరిచిపోయి లేచి నిలబడ్డాడు.

"ఏమేవ్! జీతం బెంగ లేకపోతే నువ్వేం చేస్తావు?"

"పొద్దుటే అడుగుతారనుకున్నాను!" అంది పైనుంచి.

అత్తవారు అల్లుడి మాటే కింద పడనివ్వరు, కూతురి మాట పడనిస్తారా? పొద్దుగూకేలోగా ట్రైనింగులో ఆ చోటు ఆమెకు దక్కింది. మామగారు మేనేజరు ముందు ఈసారి తనే కళ్లు ఒత్తుకుని అల్లుడి కుర్చీ అల్లుడికి ఇప్పించారు. ఆ హడావుడిలో క్రేను నడిపేవాళ్లకి జీతమెంతో ఎవరూ అడగలేదు. గుమాస్తా జీతం కంటే చాలా ఎక్కువేనని తర్వాత తెలిసింది.