వీధిలో పరుపులు

ఆ ఉదయం ఇల్లాలు పెట్టుకున్న పని చాలా చిన్నది. మేడమీద గదిలోని మంచాలు, పరుపులు వీధిలో ఎండేసి నల్లుల అంతు చూడడం. మర్నాడు ఆ గదిలోకి విదేశీ దంపతులు అద్దెకు దిగుతున్నారు. భర్త ఉద్యోగం ఊడాక ఇంటికి ఆ గదే దిక్కు.

ఆ ఇల్లాలి దేశం ఎంతటిదంటే, ప్రపంచపటంలో దాని పేరు దానిమీద పట్టక పక్కన సముద్రంలో అచ్చేస్తారు. అక్కడికి ఏదో సమావేశం కోసం వచ్చిన విదేశీ టీవీ విలేకరి, అది కాస్తా వాయిదా పడడంతో కెమెరా వేసుకుని వీధులు కొలుస్తున్నాడు. రోడ్డుమీద మంచాలు చూసి, "ఇదంతా ఏమిటి?" అని వెంట ఉన్న అనువాదకుడి చేత అడిగించాడు. పరాయివాడి ముందు నల్లుల మాట ఎత్తడమా! ఆవిడ సిగ్గుతో తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నానికల్లా ఆ తువ్వాలును ప్రపంచమంతా చూసింది. కింద పెద్దక్షరాలు: "అల్లర్లు! ప్రాణభయంతో ఇళ్ళు వదులుతున్న జనం!"

పక్కింటాయన నెత్తిన పరుపుతో పరుగెత్తుకొచ్చాడు. "ఏమ్మా, ఊరొదిలిపోతూ మాటమాత్రమైనా చెప్పవా?"

"అయ్యో అన్నయ్యగారూ! పొద్దున మాతోపాటు మంచం పట్టి దింపింది మీరేగా?"

"దింపాను, కాదన్నానా? కానీ టీవీలో వేరేగా చెప్తున్నారే! అంతంత పెద్దవాళ్ళకి తెలీదంటావా?"

ఆయన్ని చూసి ఎదురింటివాళ్ళు, వాళ్ళని చూసి మిగతావాళ్ళు మూటలు కట్టారు. సాయంత్రానికి వీధిలో కాలు పెట్టే చోటు లేదు. మధ్యాహ్నం అబద్ధమైన వార్త ఇప్పుడు అక్షరాలా నిజమైంది.

అంతలో భర్త ఫోన్‌లోకి విదేశీ దంపతుల సందేశం వచ్చింది. "టీవీలో కనిపించింది మీ గేటే కదా? అక్కడ ఏం జరుగుతోంది?"

"మనం చెప్తే నమ్మరే. ఆ టీవీవాడే చెప్పాలి," అన్నాడు భర్త.

ఆవిడకు ఏడుపు, కోపం ఒక్కసారే తన్నుకొచ్చాయి. "ఇంతమందిమి ఇక్కడే పుట్టి ఇక్కడే బతుకుతున్నాం. మన సంగతి మనకి ఎవడో వచ్చి చెప్పాలా?" అంటూ మూటల మధ్య నుంచి తోసుకుంటూ వెళ్ళి, వీధి చివర ఇంకా వీడియో తీస్తున్న విలేకరి కెమెరా ముందు నిలబడింది.

"బాబూ, ఇక్కడ ఎవరికీ ఏ భయమూ లేదు. మా ఇంట్లో నల్లులు పడ్డాయి, అంతే. నా పరువు పోతే పోయింది, ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

విలేకరి మంచివాడే, పాపం. చాలా నొచ్చుకున్నాడు. అప్పటికప్పుడే సవరణ వేయించాడు: "ఆ దేశంలో అల్లర్లు లేవు. జనం వీధిన పడింది నల్లుల వల్లే." వెనకాల, కనుచూపు మేర పరుపులు.

అది చూసి వీధివాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. ఆ వెంటనే ఎవరి పరుపు వాళ్ళు దులపడం మొదలుపెట్టారు.

దంపతుల నుంచి మళ్ళీ సందేశం వచ్చింది. భర్త గొంతు తగ్గించి చదివాడు: "అల్లర్లయితే ఎలాగో సర్దుకుపోదామనుకున్నాం. నల్లులంటే మాత్రం రాలేం."