ఈగ గడియారం

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. మంచం మీద నాయనమ్మ, వంటింట్లో పిన్ని, ముక్కుకు గుడ్డ కట్టుకున్న బాబాయి, ఆయన వెనక టార్చిలైటు పట్టుకుని చిన్ని. నాలుగు రోజుల కిందట వచ్చి చేరిన పిల్లికూనను ఐదోదిగా లెక్కపెట్టాలని చిన్నికి ఉంది గానీ పిన్ని ఒప్పుకోదు.

"కాలాన్ని కంటితో చదవగల అపరాధ పరిశోధకుడు ఈ భూమ్మీద ఒక్కడే. వాడిని నేనే!" అన్నాడు బాబాయి. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ఆయన చేతికున్నది మాత్రం ఎప్పుడూ ఇరవై నిమిషాలు వెనకే.

"కాలం సంగతి తర్వాత. సామాన్ల గదిలో ఆ కంపేంటో చూడండి," అంది పిన్ని. "ఆ పిల్లే దేన్నో చంపి పడేసుంటుంది. సాయంత్రం పాలాయన రాగానే బుట్టలో పెట్టి పంపించేస్తా."

చిన్ని గుండె జారిపోయింది. బాబాయి వెంట సామాన్ల గదిలోకి నడిచి టార్చి వేసింది.

బీరువా కింద గోధుమరంగు గింజల్లాంటివి కనిపించాయి. బాబాయి కంటికి భూతద్దం బిగించాడు.

"ఆహా! ఈగ కూడా గడియారమే! గుడ్డు పగలడానికి ఒక రోజు. పురుగై మెక్కడానికి ఐదు రోజులు. ఆ తర్వాత దూరంగా పాకి ఇలా గట్టిపడుతుంది. అంటే శవం పడి వారం!"

"శవమా? ఎవరిదిరా?" నాయనమ్మ మంచం మీంచే కేకేసింది.

"అదే తేలాలమ్మా! హంతకుడు మాత్రం ఈ ఇంట్లోనే పాలు తాగుతున్నాడు!"

నాయనమ్మ చేతిలోని పాలగ్లాసు చప్పున కింద పెట్టేసింది.

"నేరస్థలం ఈ గదే!" అని ప్రకటించాడు బాబాయి.

"నేరం ఈగదే అయితే మధ్యలో పిల్లినెందుకురా అనడం?" అంది నాయనమ్మ.

చిన్ని ధైర్యం కూడగట్టుకుంది. "బాబాయ్... పిల్లి వచ్చి నాలుగు రోజులేగా?"

బాబాయి భూతద్దం తీసి, తుడిచి, మళ్ళీ బిగించాడు. "చూశావా దాని తెలివి! ముందు నేరం చేసి, తర్వాత ఇంట్లో చేరింది! ఎలా చేసిందో చూపిస్తా, ఉండు."

పిల్లిలా వంగి బీరువా మీదికి ఒక్క గెంతు గెంతాడు. బీరువా ఊగింది. పైనుంచి మూత సరిగా పెట్టని డబ్బా ఒకటి ఆయన నెత్తిన పడి మూత ఊడింది. లోపల నల్లబడిన చేప ముల్లు, దాని చుట్టూ అవే గోధుమరంగు గింజలు.

చప్పుడు విని పిన్ని పరుగెత్తుకొచ్చింది. "ఇది మీ అన్నం డబ్బా కదూ! బస్సులో పోయిందన్నారు!"

"అది... ఆ రోజు చేపలో ఉప్పు కాస్త ఎక్కువై... నువ్వు బాధపడతావని..."

"అంటే పోయిన సోమవారం చేపన్నమాట!"

బాబాయి ముఖం వెలిగిపోయింది. "సోమవారమా? ఇవాళ సోమవారమేగా! సరిగ్గా వారం! చూశావా నా లెక్క!"

పిన్ని మూలన నక్కిన పిల్లికూనను ఎత్తి చిన్ని చేతుల్లో పెట్టింది.

"దీనికి పాలు పట్టుపో. ఇదిక ఎక్కడికీ వెళ్ళదు."

"బాబాయి లెక్క విని వెళ్తా పిన్నీ..."

"లెక్క నేను చెప్తాగా, మీ బాబాయికి. నువ్వెళ్ళమ్మా," అంటూ చిన్ని ముఖం మీదే తలుపు వేసేసింది పిన్ని.